అడుగుకో సెకను

జూన్ 9

సెకనుముల్లుకు మావయ్య రాసేది.

నేనూ అత్తయ్యా బాగానే ఉన్నాం. నువ్వు కూడా ఆ కొండ మీద బాగానే ఉన్నావనుకుంటాను, లేకపోతే ఈపాటికి రాసేదానివి. చిన్నప్పుడు మా ఇంట్లో క్షణం ఒకచోట నిలబడకుండా తిరిగేదానివని నీకా పేరు పెట్టాను. అలాంటిదానివి రోజంతా గడియారం ముందు కూర్చునే ఉద్యోగం చేస్తున్నావంటే నాకింకా నమ్మకం కుదరదు.

ఫోను ఎందుకు చెయ్యలేదంటావేమో. మీ కొండ మీద అది పలికేదే ఎప్పుడో ఒకసారి, పలికినా సగం గాలి. పైగా నేనడగబోయేది కాగితం మీద ఉండాల్సిన సంగతి. మేనేజరుకు చూపించాలి.

సంగతేమిటంటే, మా ఆసుపత్రి ఐదో అంతస్తు గడియారం వెనకబడింది. ఒకటిన్నర నిమిషం. నాలుగో అంతస్తుది అంతకంటే కాస్త తక్కువ, మూడోది ఇంకా తక్కువ. బేస్‌మెంటులో ఉన్న పెద్ద గడియారం మాత్రం ఎప్పటిలాగే నిప్పు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ గడియారాలన్నీ నేనే చూస్తున్నాను, ఇలాంటి మాట ఎవరి చేతా పడలేదు. ఐదో అంతస్తుదాన్ని మూడుసార్లు విప్పాను. తుడిచాను, నూనె పెట్టాను, స్ప్రింగు కూడా మార్చాను. దానికి ఏ రోగమూ లేదు.

కొత్త మేనేజరు ప్రతి మాటకీ చిటికేస్తాడు. వెనకాల అందరూ చిటికెలాయన అంటారు. ఆయన నన్ను పిలిచి, "ఏం మేస్త్రీ, జేబులో ఫోనుంది కదా, పైకెళ్ళి అది చూసి ముల్లు తిప్పితే పోయేదానికి ఇంత గొడవేంటి?" అన్నాడు, చిటికేసి.

నాకు ఒళ్ళు మండింది. కానీ మర్యాదగానే చెప్పాను. "మా గురువుగారి పద్ధతి వేరండీ. కదిలే గడియారాన్ని నమ్మకూడదు అనేవారాయన. జేబులో ఊగేది ఏం టైము చెబుతుంది? కింద పెద్ద గడియారం గోడకి బిగించి ఉంటుంది, కదలదు. సోమవారం పొద్దున సరిగ్గా తొమ్మిదికి దాని ముందు నుంచి బయల్దేరతాను. ఒక్కో అంతస్తుకి మెట్లు ఇరవై రెండు, వరండా ముప్ఫై ఎనిమిది అడుగులు, మొత్తం అరవై. అడుగుకో సెకను. గ్రౌండు ఫ్లోరే మనకి ఒకటో అంతస్తు, కాబట్టి ఐదో అంతస్తుకి చేరేసరికి తొమ్మిదీ అయిదు. చేతిలో ఏదీ ఉండక్కర్లేదు" అన్నాను. లిఫ్టులో వెళ్ళొచ్చుగా అన్నాడు. లిఫ్టులో అడుగులు ఉండవు కదండీ అన్నాను.

చివరికి ఆయన చెప్పింది ఇది. సెప్టెంబరు నెలాఖరుకి అన్ని అంతస్తులూ ఒక్క మాట మీదకి రాకపోతే, తీగలు లాగి కరెంటు గడియారాలు పెట్టిస్తారట. నన్ను విశ్రాంతి తీసుకోమంటారట. నాకు విశ్రాంతి ఎందుకే? సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఇంట్లో కూర్చుని నేనేం చెయ్యాలి?

కొండ మీద టైముకీ కింద టైముకీ తేడా ఉంటుందని నువ్వు ఒకప్పుడు చెప్తే, దీనికి చలి తలకెక్కిందని నవ్వాను. ఇప్పుడు నవ్వడం లేదు. ఎత్తుకి పోతే కాలం మారుతుందా? అవునో కాదో వివరంగా రాయి. చేతిరాత కాస్త గుండ్రంగా ఉండనీ.

ఇట్లు,
మావయ్య

అత్తయ్య అడగమంది: స్వెట్టరు వేసుకుంటున్నావా, పెట్టెలోనే ఉందా?


జూన్ 20

మావయ్యకు, కొండ మీంచి.

స్వెట్టరు వేసుకునే రాస్తున్నానని అత్తయ్యకి చెప్పు. చేతిరాత గుండ్రంగానే మొదలుపెట్టాను, ఎంతసేపుంటుందో చూద్దాం.

మారుతుంది మావయ్యా. ఇక్కడ నా పనే అది. కొండ మీద ఒక గడియారం ఉంది, కొండ కింద ఒకటి ఉంది. రెండిటి తేడా రోజూ రాస్తాను. రోజు గడిచేసరికి పైది కిందిదానికంటే సెకనులో మూడున్నర కోట్లో వంతు ముందుంటుంది. గడియారం తప్పు కాదు. పైన కాలమే అలా నడుస్తుంది. భూమికి దగ్గరయ్యే కొద్దీ నెమ్మది, దూరమయ్యే కొద్దీ వడి.

ఎందుకని అడుగుతావు. నేనూ మా పెద్దసారుని అడిగాను. "భూమి లాగుతుంది కాబట్టి" అన్నారు. "లాగితే కాలానికేంటి సార్, దానికి బరువుందా?" అన్నాను. లేదన్నారు. మరి ఎలా లాగుతుందన్నాను. "లెక్క అలా వస్తుందమ్మా" అన్నారు. నేను అలాగే కూర్చునేసరికి ఇంకో రకంగా చెప్పారు. కింద నుంచి పైకి ఒక దీపం వెలుగు వేశామనుకో. ఆ వెలుగు ఎక్కుతూ ఎక్కుతూ కాస్త నీరసపడుతుందట. దాని అలలు సాగిపోతాయట. ఒక్కో అలా ఒక్కో టిక్కు అనుకుంటే, పైనున్న మనిషికి కింది టిక్కులు ఆలస్యంగా అందుతాయి. అంటే పైవాడి లెక్కలో కింద కాలం నెమ్మది. ఆయన చెబుతున్నంతసేపూ నాకు అర్థమైంది. గదికి వచ్చేసరికి పోయింది. మళ్ళీ అడగడానికి మొహమాటంగా ఉంది, ఇప్పటికే ఆరుసార్లు అడిగాను.

కదలిక సంగతి ఇంకో తలనొప్పి. కదిలే గడియారం, నిలబడ్డ గడియారం కంటే నెమ్మదిగా నడుస్తుంది. పదిహేను రోజులకోసారి ఒక గడియారాన్ని పరుపుల మధ్య పడుకోబెట్టి జీపులో కిందికీ పైకీ తిప్పేది నేనే, ఆ లెక్క కూడా కట్టాలి. కదిలే గడియారాన్ని నమ్మకూడదని మా మావయ్య గురువుగారు ఎప్పుడో అన్నారని పెద్దసారుతో చెప్పాను. ఆయన దాన్ని నోట్‌బుక్కులో రాసుకున్నారు.

కానీ ఒక్క మాట. ఇదంతా చాలా తక్కువ. చాలా చాలా తక్కువ. కింద గీత గీశాను, చూడు. ఇంకోటి, మీ ఐదో అంతస్తుది వెనకబడిందా, ముందుకెళ్ళిందా? వెనకబడిందనే రాశావు, పొరపాటున రాశావేమో.

మన ఇంట్లో నా పని గురించి నన్నడిగిన మొదటి మనిషివి నువ్వే. అందుకే ఇన్ని పేజీలయ్యాయి. శుక్రవారం సరుకుల వ్యాను ఒక్కటే మాకు పోస్టు. అది హారన్ కొడుతోంది.

నీ
సెకనుముల్లు


జూన్ 30

సెకనుముల్లుకు,

నీ ఉత్తరం చేరింది. చేరడమే కాదు, గోడెక్కింది కూడా. రెండో పేజీని అద్దం కట్టించి ఐదో అంతస్తు గడియారం కింద తగిలించాను. పక్కన నా చేత్తో ఒక అట్ట రాసి పెట్టాను: "ఈ గడియారంలో లోపం లేదు. ఎత్తు, కదలికల వల్ల ఇక్కడ కాలమే నెమ్మది. వివరాలకు బేస్‌మెంటులో అడగండి."

అడగడానికి జనం వస్తున్నారు. నిన్న ఒకాయన వచ్చి, "మా మావగారిని ఆ అంతస్తులోనే ఉంచితే ఎక్కువ రోజులు బతుకుతారా?" అన్నాడు. బతుకుతారు గానీ ఎక్కువ బతికినట్టు ఆయనకి తెలియదన్నాను. కాసేపు ఆలోచించి, అయితే మామూలు గదే చాలని వెళ్ళిపోయాడు.

వెనకబడిందా, ముందుకెళ్ళిందా అనడిగావు. వెనకే. ఇప్పుడు రెండున్నర నిమిషాలు. పైన వడి అని నువ్వు రాశావు, మాది చూస్తే నెమ్మది. దీని మీద రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. ఎత్తు వడి పెంచుతుంది, కదలిక తగ్గిస్తుంది. మా ఐదో అంతస్తులో కదలిక ఎంతని చెప్పను! గుండె జబ్బుల వార్డు. స్ట్రెచర్లు పరిగెడతాయి, నర్సులు పరిగెడతారు, చూడ్డానికొచ్చినవాళ్ళు వరండాలో అటూ ఇటూ పచార్లు. బేస్‌మెంటులో పాత ఫైళ్ళు, నేనూ. ఏదీ కదలదు. అందుకే కింది గడియారం కరెక్టు, పైది నెమ్మది. తప్పా చెప్పు?

చిటికెలాయన నీ ఉత్తరం రెండుసార్లు చదివాడు. చిటికె వెయ్యడం మర్చిపోయాడు. సెప్టెంబరు మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. పెద్దసారు సంతకంతో ఒక్క ముక్క వస్తే ఆ తీగల గొడవ ఉండదని నా నమ్మకం. పంపించు.

నా సంగతులు పెద్దగా ఏం లేవు. కొత్త బూట్లు సాయంత్రమయ్యేసరికి బిగిసిపోతున్నాయి, తోలు మంచిది కాదు, కొట్టువాణ్ణి దులిపేసి వచ్చాను. మన పడగ్గదికి గాలి చాలడం లేదు, ఒక్క దిండుతో పడుకుంటే ఊపిరాడక అత్తయ్య దిండు కూడా నేనే లాక్కుంటున్నాను. ఆవిడ గొణుగుతోంది. మూడో అంతస్తు మలుపులో కిటికీ దగ్గర గాలి బాగుంటుంది. ఈమధ్య సోమవారాలు అక్కడ కాస్త నిలబడి వెళ్తున్నాను. నిలబడ్డ సేపు లెక్కలోకి రాదనుకో, అడుగు పడలేదు కదా.

నువ్వు సెలవు పెట్టుకుని రావాల్సిన పనేం లేదు. పని ముఖ్యం.

ఇట్లు,
మావయ్య


జూలై 11

మావయ్యా,

ముందు ఆ కాగితం తీసెయ్. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక కాదు, ఇప్పుడే లేచి వెళ్ళి తీసెయ్.

తీశావా? సరే, విను.

చాలా తక్కువ అని గీత గీసి మరీ రాస్తే నీకు అదొక్కటే కనిపించలేదు. ఈసారి అంకెలే రాస్తున్నాను, పెద్దసారుతో సరిచూయించాను. మీ బేస్‌మెంటుకీ ఐదో అంతస్తుకీ ఎత్తు తేడా ఇరవై మీటర్లనుకుందాం. ఆ ఎత్తు వల్ల పై గడియారం ఒక్క సెకను ముందుకు పోవాలంటే కోటీ నలభై లక్షల సంవత్సరాలు పడుతుంది. ముందుకి, మావయ్యా. వెనక్కి కాదు. నర్సులు పరిగెత్తితే నెమ్మదించేది వాళ్ళ చేతి గడియారాలు, గోడకున్నది కాదు. అది కూడా ఎంతనుకున్నావు? ఒక మనిషి అరవై ఏళ్ళు రాత్రీ పగలూ ఆగకుండా నడిచినా, సెకనుని పది కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. నీకు పోయింది రెండున్నర నిమిషాలు.

పెద్దసారుకి నీ అట్ట సంగతి చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "ఆ గడియారం నేను చూడొచ్చా?" అన్నారు. నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంతకం మాట నేనెత్తలేదు, ఎత్తను కూడా.

కాలం సంగతి వదిలెయ్. ఇది మామూలు తప్పు, మామూలుగానే వెతకాలి. నువ్వేమీ అనుకోనంటే ఒకటి చెప్తాను. నీకు అరవై మూడేళ్ళు. నిమిషాల ముల్లు గీత మీదుందో గీత పక్కనుందో కనిపించకపోవడం తప్పేం కాదు. ఒకసారి కళ్ళు చూపించుకో.

నీ
సెకనుముల్లు

దిండు అత్తయ్యకి ఇచ్చెయ్. ఇంకోటి కొనుక్కో.


జూలై 24

గడియారాల శాస్త్రజ్ఞురాలు గారికి, బేస్‌మెంటు మేస్త్రీ నమస్కరించి రాయునది.

తమరి ఆజ్ఞ ప్రకారం కాగితం తీసేశాను. తమరి ఆజ్ఞ ప్రకారమే కళ్ళు కూడా చూపించుకున్నాను. అక్కడి అక్షరాల అట్ట మీద ఆఖరి వరస దాకా చదివాను. దాని కింద అచ్చువేసినవాడి పేరు ఉంటే అదీ చదివాను. కంటి డాక్టరు, "మీరెందుకొచ్చారండీ?" అన్నాడు. మా మేనకోడలు పంపిందన్నాను.

నిన్ను భుజాన కూర్చోబెట్టుకుని ఆ మెట్లెక్కిన మనిషిని నేను. ఒక్కో అడుగూ నువ్వు పైనుంచి లెక్కపెట్టేదానివి. ఆ మనిషికి ముల్లు కనిపించట్లేదని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? చిటికెలాయన కూడా ఆ మాట అనలేదు. సరే, పోనీ. కోపం వచ్చింది, రాసేశాను, అయిపోయింది.

మామూలుగా వెతకమన్నావు. వెతికాను. ఐదో అంతస్తు గడియారాన్ని దించి బేస్‌మెంటులో పెద్ద గడియారం పక్కన పెట్టాను. వారం రోజులు చూశాను. సెకను తేడా రాలేదు. బేస్‌మెంటులో స్టోరుగది గడియారం ఒకటుంది, అదీ మంచిదే. దాన్ని మోసుకెళ్ళి ఐదో అంతస్తులో తగిలించి, మన పద్ధతి ప్రకారమే టైము పెట్టాను. బరువు కదా, మలుపు మలుపుకీ దించుకుని, కాస్త ఆగి, మళ్ళీ ఎత్తుకుని వెళ్ళాను. అక్కడి పెద్దనర్సు తన ఫోను చూసి, "నాలుగు నిమిషాలు వెనకుందండీ" అంది. పెట్టి ఇంకా చెయ్యి కూడా తియ్యలేదు! మంచి గడియారం, పై అంతస్తుకి పోగానే నాలుగు నిమిషాలు పోగొట్టుకుంది.

ఇంకో విచిత్రం. మళ్ళీ ఆదివారం చూస్తే అప్పుడూ నాలుగే. అయిదు కాలేదు, మూడు కాలేదు. మొదటి క్షణంలోనే పోగొట్టుకోవాల్సిందంతా పోగొట్టుకుని, మిగతా ఆరు రోజులూ బుద్ధిగా నడిచింది.

కాబట్టి తప్పు గడియారాలది కాదు, నా కళ్ళదీ కాదు. ఆ అంతస్తులోనే ఏదో ఉంది. మీ లెక్కలకి అందనిది. పెద్దసారుని రమ్మను, చూపిస్తాను. సెప్టెంబరు దగ్గరపడుతోంది. ఈ పని పోతే నేను ఉట్టి ముసలాణ్ణి, గుర్తుపెట్టుకో.

ఇట్లు,
మావయ్య


ఆగస్టు 1

మావయ్యా,

ఈ ఉత్తరం అత్తయ్యకి కూడా చదివి వినిపించు. వినిపిస్తానని ఒట్టేసుకున్నాకే కింది వాక్యం చదువు.

నీ ఉత్తరాలు మూడూ ముందు పెట్టుకున్నాను. గడియారం నెమ్మదిగా నడుస్తుంటే సోమవారం నాలుగు నిమిషాలున్న తేడా ఆదివారానికి పెరగాలి. పెరగలేదు. అంటే అది వారమంతా సరిగ్గానే నడిచింది. నువ్వు పెట్టడమే నాలుగు నిమిషాలు వెనక పెట్టావు. పెద్ద గడియారానికీ ఐదో అంతస్తుకీ మధ్య టైముని మోసింది ఎవరు? నువ్వొక్కడివే.

నువ్వు నేర్పిన అడుగుతోనే ఇక్కడి మెట్లెక్కి చూశాను. అరవై అడుగులకి అరవై ఒక్క సెకన్లు. పద్ధతి మంచిదే మావయ్యా, మీ గురువుగారు తప్పు చెప్పలేదు. కానీ నీ అడుగు ఇప్పుడు సెకను కాదు. సెకనున్నర అయ్యుంటుంది. నిలబడ్డ సేపు లెక్కలోకి రాదని రాశావే, ఆ సేపు కిటికీ దగ్గర కాలం ఆగలేదు. నువ్వే ఆగావు.

జూన్ మొదట్లో ఒకటిన్నర. నెలాఖరుకి రెండున్నర. జూలైలో నాలుగు. సాయంత్రానికి బూట్లు బిగుస్తున్నాయంటే అది తోలు కాదు, కాళ్ళ వాపు. రెండు దిండ్లు లేకపోతే ఊపిరాడదంటే అది గది కాదు. నేను డాక్టర్ని కాను. కానీ అంకెలు రాయడం నా పని, ఇంత స్పష్టంగా ఒకవైపే నడిచే అంకెలు ఈ కొండ మీద కూడా చూడలేదు.

నీ కళ్ళని అన్నందుకు క్షమించు. తప్పు చోట వెతికాను. భూమి లాగుడు, వెలుగు, అలలు అంటూ పేజీలు నింపాను గానీ, మావయ్య మెట్ల మీద ఎందుకు నిలబడుతున్నాడని ఒక్కసారి అడగలేదు. ఇది రాస్తుంటే చేతిరాత గుండ్రంగా నిలవడం లేదు, చూస్తేనే నీకు తెలుస్తుంది.

గ్రౌండు ఫ్లోరులో గుండె డాక్టరున్నాడు. ఆయన తలుపు మీది గడియారానికి నువ్వు ఏళ్ళ తరబడి టైము పెడుతున్నావు. ఈసారి తలుపు తీసుకుని లోపలికి వెళ్ళు. నన్ను ఎంత తిట్టుకున్నా సరే, వెళ్ళి వచ్చాక తిట్టు.

నీ
సెకనుముల్లు


ఆగస్టు 12

సెకనుముల్లుకు, ఐదో అంతస్తు నుంచి.

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు దాన్ని జేబులోనే పెట్టుకుని తిరిగాను. ఒట్టేశాను కాబట్టి అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ ఉత్తరం మడిచి తన సంచిలో పెట్టుకుంది. సోమవారం పొద్దున నాతోపాటు బేస్‌మెంటుకి వచ్చింది. నేను తొమ్మిదికి బయల్దేరాను, ఆవిడ ఫోనులో ఏదో నొక్కి నా వెనకాలే ఎక్కింది. ఐదో అంతస్తు గడియారం ముందుకెళ్ళి మూడు వందలు అన్నాను. అంటే అయిదు నిమిషాలు. ఆవిడ ఫోను నా ముందు పెట్టింది. తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు. ఒక్క మాట అనలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఏమీ అనకుండా ఉండడం అదే మొదటిసారి. దానికే నేను లొంగిపోయాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయాసం ఎప్పటి నుంచి అనడిగాడు. నాకు ఆయాసమేం లేదండీ, కాస్త గాలి కోసం నిలబడతానంతే అన్నాను. అత్తయ్య నీ ఉత్తరం ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివి, మళ్ళీ చదివి, నా కాగితాల్లో రాసుకున్నాడు. నాకు తలకిందులుగా కనిపించింది గానీ చదివాను, నా కళ్ళు మంచివి కదా: "ఐదో అంతస్తు గడియారం. జూన్ మొదట్లో ఒకటిన్నర నిమిషం, నెలాఖరున రెండున్నర, జూలైలో నాలుగు." ఇంత లెక్కగా జబ్బు చెప్పినవాళ్ళు ఇంతవరకూ రాలేదన్నాడు. అది మా మేనకోడలి పనితనమండీ అన్నాను.

గుండెలో ఒక తలుపుందట. రక్తం ముందుకి వెళ్ళాక అది మూసుకోవాలట. నాది అరిగిపోయి సరిగ్గా మూసుకోవట్లేదట, వెళ్ళిన రక్తం కొంత వెనక్కి వస్తోందట. ఈ ముక్క నాకు వెంటనే అర్థమైంది. గడియారంలో చక్రాన్ని పట్టి వదిలే కొక్కెం అరిగితే ఇలాగే అవుతుంది, పట్టు జారుతుంది. మార్చడమే, తుడిస్తే లాభం లేదు. డాక్టరు కూడా అదే అన్నాడు. వచ్చే గురువారం, ఇరవై ఒకటిన, పొద్దున తొమ్మిదికి ఆపరేషను. డాక్టరు చూసిన రోజు నుంచీ నన్ను ఇక్కడే పడుకోబెట్టారు. లిఫ్టులో తెచ్చారు, చక్రాల కుర్చీలో. లెక్కపెట్టడానికి ఒక్క అడుగూ లేదు.

చిటికెలాయన చూడ్డానికి వచ్చాడు. ఆయన నోరు తెరవకముందే నేనే చెప్పేశాను: "గడియారాల తప్పేం లేదు సార్, వాటికి టైము పెట్టినవాడిదే. మీ తీగలు మీరు లాగించుకోండి." ఆయన చిటికె వెయ్యలేదు. పక్కనున్న స్టూలు మీద కూర్చుని నేను తాగాల్సిన మందు సీసా మీద పేరు చాలాసేపు చదివాడు. సెప్టెంబరు దాకా ఆగక్కర్లేదు, పని మొదలుపెట్టమని నేనే అన్నాను. అన్నాక గోడవైపు తిరిగి పడుకున్నాను. ఏడ్చానని అత్తయ్య రాయమంటోంది. రాశాను.

నా మంచం నుంచి వరండా గడియారం కనిపిస్తుంది. ఆ నాలుగు నిమిషాలూ అలాగే ఉన్నాయి. ఆ రోజు ఫోను చూశాక దాన్ని ముట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. ఆపరేషను గదికి తీసుకెళ్ళేముందు ఆ గడియారం చూసే టైము రాస్తారట. నా కాగితాల్లో తప్పు టైము పడడం నాకిష్టం లేదు. నిన్న పెద్దనర్సుని పిలిచాను. ఫోను చూడమన్నాను. అద్దం తలుపు తెరవమన్నాను. నిమిషాల ముల్లుని వేలితో ముందుకి తొయ్యమ్మా, వెనక్కి మాత్రం తిప్పకు అన్నాను. ఆవిడ స్టూలెక్కి తోసింది. ఇక్కడి గడియారం మీద నాది కాని వేలు పడడం ఇదే మొదలు. నాకేం బాగాలేదు. కానీ అప్పటి నుంచి అది సరిగ్గా నడుస్తోంది.

నువ్వు రావాల్సిన పనేం లేదని జూన్‌లో రాశాను. ఆ మాట తప్పు. నాకు భయంగా ఉందే. గురువారానికి రా.

మావయ్య


ఆగస్టు 15

మావయ్యా,

నీ ఉత్తరం తెచ్చిన వ్యానులోనే దిగుతున్నాను. అది సరుకులు దించేసరికి గంట పడుతుంది, ఆ గంటలో ఇది రాస్తున్నాను.

సెలవు చీటీలో కారణం అన్నచోట "మా మావయ్య" అని రాశాను. పెద్దసారు చూసి, "ఇది కారణం కాదమ్మా, మనిషి" అన్నారు. కారణమే సార్ అన్నాను. సంతకం పెట్టేశారు. కొండ గడియారం ఈ వారం ఆయనే చూసుకుంటారట. తేడా రాయడం మర్చిపోతే ఏం చేస్తారని అడిగాను. మర్చిపోతానన్నారు.

కదిలేవాళ్ళకి కాలం నెమ్మదిగా నడుస్తుందని నీకు రాసినప్పుడు నాకది సరిగ్గా అర్థం కాలేదు. ఇప్పుడూ అర్థం కాలేదు. ఈ డ్రైవరు ఇంకా బస్తాలు దించుతూనే ఉన్నాడు, నాకు మాత్రం కదలకముందే కాలం ఆగిపోయింది. ఒక చివర నేను పట్టుకుంటానని చెప్పాను. వద్దు, నడుం పట్టేస్తుందంటున్నాడు. పట్టుకోబోతున్నాను.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. చేత్తో ఇస్తాను.

సెకనుముల్లు